ఒకే మూలం, పలు వ్యాఖ్యానాలు: బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లు

2003 వేసవిలో, టొరంటోలో ఉద్యోగం చేసుకొంటున్న మా మేనల్లుడు సెలవుకు వచ్చి నా చేతిలో మూడు సీడీల పెట్టె ఒకటి పెట్టినాడు. "మామయ్యా, మొదటి రెండింటిలో ఉన్నది ఒకటే రచన. వాయించినవాడూ ఒకడే. మధ్యలో ఇరవయ్యారేళ్ళ ఎడమున్నది. విని, ఏది సరియైనదో మీరే చెప్పండి" అన్నాడు. వాడు నా దగ్గర ఎనిమిదవ తరగతి చదువుకొన్నవాడు. 'సరియైనది' అన్న మాటను నేను తరగతిలో రోజుకు ఎన్నిసార్లు అనేవాడినో వాడికి బాగా జ్ఞాపకం. నన్ను పరీక్షించడానికే ఆ మాట వాడినాడని నాకు చాలా ఆలస్యంగా బోధపడినది.

రచన జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1741లో అచ్చువేయించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లు. వాయించినవాడు కెనడా దేశపు పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్. మొదటి ముద్రణ 1955 నాటిది, రెండవది 1981 నాటిది. మూడవ సీడీలో ఆయన సంభాషణ ఉన్నది.

ఆ రాత్రి రెండూ విన్నాను. మొదటిది వర్షాకాలపు ఏరువలె వచ్చిపడినది. నేను ఒడ్డున నిలిచి చూడడమే తప్ప దిగడానికి వీలు లేకపోయినది. రెండవది మొదలైనప్పుడు యంత్రం చెడినదేమో అనుకొన్నాను. అంత నిదానం. ఒక స్వరానికీ తరువాతి స్వరానికీ మధ్య మనిషి ఊపిరి తీసుకొనేంత ఖాళీ. అదే సరియైనదని ఆ రాత్రే తీర్పు చెప్పివేసినాను. మేనల్లుడు నవ్వి, "మరి లాండోవ్‌స్కాను విన్నారా? టూరెక్‌ను విన్నారా?" అని అడిగినాడు. వినలేదు. ఇప్పటికి ఇరవై ఏండ్లు దాటినవి; ఒక్కొక్కరినే వింటూ వచ్చినాను. ఆ రాత్రి తీర్పు ఏమైనదో చెప్పడానికే ఈ వ్యాసం.

ఒక విషయం ముందే విన్నవించుకోవాలి. నాకు పాశ్చాత్యుల స్వరలిపి చదవడం రాదు. మా ఊరి లూథరన్ దేవాలయంలో ఆర్గన్ వాయించే మాస్టారు ఒకరు నాకు మిత్రులు. బాఖ్ కూడా లూథరన్ సంప్రదాయం వాడే కనుక, ఆయన పేరు చెప్పగానే మాస్టారు మా ఇంటికి స్వరలిపి పుస్తకం చంకన పెట్టుకొని వచ్చేవారు. లిపికి సంబంధించి ఇక్కడ నేను చెప్పబోయేదంతా వారు వేలుపెట్టి చూపించినదే. వినికిడి మాత్రం నాది.

రచన స్వరూపం ఇది. మొదట 'ఆరియా' అనే ఒక నెమ్మదైన పాట. తరువాత ముప్పది వేరియేషన్లు. చివర మరల అదే ఆరియా, ఒక్క స్వరం మారకుండా. మన కృతులలో పల్లవికి సంగతులు వేయడం అందరమూ ఎరిగినదే. కాని అక్కడ ఎత్తుగడ చెవికి తెలుస్తూనే ఉంటుంది. బాఖ్ పై పాటను పూర్తిగా వదిలిపెట్టినాడు. అడుగున ఎడమచేయి నడిపే మంద్రస్వరాల వరుస ఒకటి ఉన్నది; ముప్పది వేరియేషన్లకూ అదే పునాది. ఇల్లు ప్రతిసారీ కొత్తది, పునాది మాత్రం ఒకటే. ఆరియాకు 32 కొలతలు. మొత్తం ఖండికలు కూడా 32. ప్రతి మూడవ వేరియేషన్ 'కానన్', అనగా ఒక గొంతు పాడినదానినే మరొక గొంతు కాస్త వెనుకగా అందుకొని వెంబడించడం. మొదటి కానన్‌లో రెండు గొంతులూ ఒకే స్థాయి. తరువాతి దానిలో ఒక మెట్టు ఎడం, ఆపైన రెండు మెట్లు, ఇట్లు పెరుగుతూ పోతుంది. చిత్రకవిత్వం అభ్యసించినవారికి ఈ నిర్బంధం ఎటువంటిదో విడమరచి చెప్పనక్కరలేదు. పదవదానిగా కానన్ రావలసిన 30వ చోట బాఖ్ జనం పాడుకొనే పాటల ముక్కలు కలిపి ఒక వినోదం చేసినాడు. ఇంత శాస్త్రం చేసి చివర నవ్వించడం నాకు చాలా నచ్చిన సంగతి.

ఈ రచనకు ఒక కథ అంటుకొని ఉన్నది. డ్రెస్డెన్ ఆస్థానంలో రష్యా రాయబారిగా ఉన్న కైజర్‌లింగ్ ప్రభువుకు నిద్రపట్టని జబ్బు. ఆయన కొలువులో గోల్డ్‌బెర్గ్ అనే బాలవిద్వాంసుడు ఉండేవాడు. రాత్రిళ్ళు అతడు పక్కగదిలో వాయించడానికి బాఖ్ ఈ రచన చేసి ఇచ్చినాడనీ, ప్రభువు బంగారుపాత్ర నిండా నూరు బంగారునాణెములు పోసి బహూకరించినాడనీ 1802లో బాఖ్ జీవితచరిత్ర వ్రాసిన ఫోర్కెల్ చెప్పినాడు. మన చాటువుల వెంట నడిచే కథలకు ఇది సాక్షాత్తు తోబుట్టువు. అచ్చుప్రతి ముఖపత్రం మీద ప్రభువు పేరూ లేదు, గోల్డ్‌బెర్గ్ పేరూ లేదు. గోల్డ్‌బెర్గ్ పుట్టినది 1727లో, అచ్చయ్యేనాటికి పదునాలుగేళ్ళవాడు. కథను పండితులు నమ్మడం లేదు. అయినా పేరు నిలిచిపోయినది. నిద్రపట్టని వయస్సుకు వచ్చినవాడిని కనుక నేను కూడా కథను పూర్తిగా విడువలేకున్నాను.

ఇక అసలు చిక్కు. ముఖపత్రం మీద బాఖ్ స్పష్టంగా చెప్పినది ఒకటి ఉన్నది: ఇది రెండు మెట్లవరుసలు గల హార్ప్సికార్డ్ కొరకు. ఆ వాద్యంలో తంత్రిని మీటుతుంది ఒక చిన్న ఈక. మీట గట్టిగా నొక్కినా మెత్తగా నొక్కినా ధ్వని ఇంచుమించు ఒకటే. పియానోలో సుత్తి తంత్రిని కొడుతుంది. వేలి బరువును బట్టి ధ్వని హెచ్చుతగ్గులౌతుంది. పైగా బాఖ్ కొన్ని వేరియేషన్లలో రెండు చేతులనూ రెండు వరుసల మీద, ఒకదాని మీదుగా ఒకటి పరుగెత్తించినాడు. ఒకే వరుస గల పియానో మీద అవి వాయించబోతే వేళ్ళు వేళ్ళకు తగిలి చిక్కుపడతాయి. కనుక పియానో మీద ఈ రచన వాయించడమే ఒక అనువాదం. అంతకంటె పెద్ద చిక్కు వేగం. అచ్చుప్రతిలో 15వ వేరియేషన్ వద్ద 'అందాంతే' అని, 22వదాని వద్ద 'అల్లా బ్రేవే' అని, ఇట్టి స్వల్పమైన సూచనలు తప్ప ఎంత జోరుగా వాయించాలో, ఎక్కడ తగ్గాలో బాఖ్ చెప్పలేదు. ఆ కాలపు విద్వాంసునికి చెప్పనక్కరలేదు కాబోలు. రెండు వందల యేండ్ల తరువాతి వారికి మాత్రం ఆ మౌనమే పెద్ద స్థలమైనది.

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో ఈ రచనను కచేరీలో వినేవారు అరుదు. ఇటలీ విద్వాంసుడు బుసోని 1915 ప్రాంతంలో దీనిని తన పద్ధతిలో ప్రచురిస్తూ, కచేరీకి కొన్ని వేరియేషన్లు వదిలివేయవచ్చునని సలహా చెప్పినాడు. 1921లో బెర్లిన్‌లో రుడాల్ఫ్ సెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ యువకుడు కచేరీ ముగిసిన పిదప, శ్రోతలు మరొకటి కోరగా, గురుతుల్యుడైన అడాల్ఫ్ బుష్ వేళాకోళానికి అన్న మాటను నిజమనుకొని గోల్డ్‌బెర్గ్ మొత్తం వాయించినాడట. ముగిసేసరికి మిగిలినవారు నలుగురే, అందులో తానొకడు అని సెర్కిన్ ఆ తరువాత చెప్పుకొన్నాడు. ఆయన 1928లో యంత్రపు పియానో చుట్టల మీద దీనిని నమోదు చేసినాడు.

హార్ప్సికార్డ్ మీద తొలి సంపూర్ణ ధ్వనిముద్రణ 1933లో పారిస్‌లో వాండా లాండోవ్‌స్కా చేసినది. ఆమె వార్సాలో 1879లో పుట్టిన యూదు స్త్రీ. జనం మరచిపోయిన హార్ప్సికార్డ్‌ను తిరిగి కచేరీ వేదిక ఎక్కించిన ఘనత ప్రధానంగా ఆమెదే. పారిస్ దగ్గరి సెంలూ గ్రామంలో ప్రాచీన సంగీతానికి ఒక పాఠశాల నడిపినది. ఆనాటి రికార్డు ఒక వైపున నాలుగైదు నిమిషాల సంగీతమే పట్టేది. పళ్ళెం తిప్పుతూ తిప్పుతూ వినవలసిందే. ఆ ముద్రణను నేడు వింటే ముందు వినబడేది నూనెలో ఆవాలు చిటపటలాడినట్లుండే గీతల రొద. దాని వెనుక నుండి వచ్చే వాద్యం మాత్రం ఘనమైనది. ఆమె వాడినది ప్లెయెల్ సంస్థ కొత్తగా చేసిన, ఇనుపచట్రం గల పెద్ద హార్ప్సికార్డ్. బాఖ్ కాలంలో అటువంటిది లేదు. ఈ ఆక్షేపణ తరువాతి తరం ఆమె మీద చాలా చేసినది. చేయదగినదే. కాని 25వ వేరియేషన్‌కు 'నల్లముత్యం' అని పేరు పెట్టి, దానిని అంత బరువుతో మొదటిసారి లోకానికి వినిపించినది ఆమె. నాకు అది మరపురాదు.

1940లో జర్మన్ సేన పారిస్ మీదికి వచ్చినప్పుడు ఆమె ఇల్లు విడిచి పారిపోవలసి వచ్చినది. ఆమె వాద్యాలను, పుస్తకాలను, స్వరలిపి ప్రతులను నాజీలు పెట్టెలకెత్తించి దోచుకొన్నారు. న్యూయార్క్ రేవులో ఆమె దిగినది 1941 డిసెంబరు 7, పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన రోజు. మరుసటి ఫిబ్రవరిలో అక్కడి టౌన్ హాల్‌లో ఆమె వాయించినది ఈ గోల్డ్‌బెర్గే. 1945లో మరల ముద్రించినది. రెండింటినీ పక్కపక్కన వింటే, రెండవదానిలో వయస్సు తెలుస్తుంది గాని అలసట తెలియదు.

దీనికి ఒక ఉపకథ ఉన్నది. 1942లో చిలీ దేశపు పియానో విద్వాంసుడు క్లౌడియో అర్రావ్ అమెరికాలో అదే సంస్థకు గోల్డ్‌బెర్గ్ వాయించి ముద్రింపజేసినాడు. అంతలో సర్వం పోగొట్టుకొని వచ్చిన లాండోవ్‌స్కా అదే రచనను ముద్రించదలచినది. అర్రావ్ పక్కకు తప్పుకొన్నాడు. ఆయన ముద్రణ వెలుగు చూచినది 1988లో. అనగా నలుబది ఆరేళ్ళ తరువాత. 1942లోనే వచ్చి ఉంటే పియానో మీద గోల్డ్‌బెర్గ్ అనగానే మొదట తలచుకొనే పేరు వేరే ఉండేదేమో. గ్రంథం తాళపత్రంలో మిగిలిపోయి, తరువాతివాడు ఆదికవియైన సందర్భాలు మన సాహిత్యచరిత్రలో కూడా ఊహించుకోవచ్చును.

రోజలిన్ టూరెక్ షికాగోలో పుట్టిన అమెరికన్ స్త్రీ. ఆమె పియానో మీద బాఖ్‌ను జీవితవ్రతంగా పట్టినది. 1957లో లండన్‌లో చేసిన ఆమె ముద్రణ గంటన్నర సాగుతుంది. ప్రతి వేరియేషన్‌నూ బాఖ్ రెండు సగాలుగా వ్రాసి, ప్రతి సగానికీ ఆవృత్తి గుర్తు పెట్టినాడు. టూరెక్ ఆ గుర్తును శాసనంగా భావించినది. ఆమె వాయింపులో తొందర అనేది కనబడదు. ఒక్కొక్క గొంతునూ వేరువేరుగా పట్టి చూపుతూ, పదచ్ఛేదం చేసి ప్రతిపదార్థం చెప్పే గురువువలె నడుస్తుంది. కొందరికి విసుగు పుడుతుంది. నేను వృత్తిరీత్యా ప్రతిపదార్థానికి అలవాటుపడినవాడిని. నాకు ఆమె వద్ద కానన్లు మొదటిసారి అర్థమైనవి. ఆ వెంబడించే గొంతు ఎక్కడ మొదలవుతున్నదో గూల్డ్ 1955 ముద్రణలో పట్టుకొనేలోపు వేరియేషన్ అయిపోయేది.

గూల్డ్ సంగతికి వస్తే, 1955 జూన్‌లో న్యూయార్క్‌లోని కొలంబియా సంస్థవారి 30వ వీధి స్టూడియోలో నాలుగు రోజులు వాయించినాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండు. మండువేసవిలో కోటూ చేతితొడుగులూ వేసుకొని వచ్చినాడని, వాయించే ముందు వేడినీళ్ళలో చేతులు నానబెట్టుకొనేవాడని, తండ్రి పొట్టిగా కత్తిరించి ఇచ్చిన కుర్చీ తప్ప మరొకదాని మీద కూర్చోడని కథలు. వాయిస్తూ తనకు తెలియకుండా పాడుకొనేవాడు. ఆ కూనిరాగం ముద్రణలో కూడా పడినది. మన హార్మోనిస్టులు కొందరు ఇట్లే చేస్తారు కనుక నాకు అది దోషంగా తోచలేదు. 1956 జనవరిలో పళ్ళెం విడుదలైనది, లోకం విస్తుపోయినది. మొత్తం 38 నిమిషాల చిల్లర. ఆవృత్తి ఒక్కటి కూడా లేదు.

ఇక్కడ ఒక వ్యావహారిక కారణం మనవి చేయాలి. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డు ఒక వైపున ఇరవై నిమిషాల పైచిలుకు పట్టేది. ఆవృత్తులు లేని గోల్డ్‌బెర్గ్ ఒకే పళ్ళెం రెండువైపులా హాయిగా ఇముడుతుంది. టూరెక్‌కు రెండు పళ్ళెములు కావలసి వచ్చినవి. గూల్డ్ వేగం ఆయన యౌవనానిది, ప్రతిభది, సందేహం లేదు. కాని ఇంటింటికీ ఆ రచన చేరిన రూపం, తాటాకు పొడవును బట్టి పంక్తి పొడవు ఏర్పడినట్లు, పళ్ళెం పొడవును బట్టి కూడా కొంత ఏర్పడినది. తరువాత సీడీ వచ్చినది. హంగేరీ విద్వాంసుడు ఆంద్రాష్ షిఫ్ ఆవృత్తులన్నీ వాయించి కూడా ఒక్క సీడీలో ఇమిడ్చినాడు. రెండవమారు వచ్చేటప్పుడు గమకాలు మారుస్తాడు; అప్పుడు ఆవృత్తి పునరుక్తిగా తోచదు. 2020లో వచ్చిన చీనా విద్వాంసుడు లాంగ్ లాంగ్ ముద్రణ మరల గంటన్నరకు చేరినది. నాకు అందులో ప్రతి వాక్యానికీ ఒక నిట్టూర్పు ఎక్కువైనట్లు అనిపించినది. అభిమానులు మన్నింతురు గాక.

1964లో, ముప్పది రెండేళ్ళు నిండకముందే, గూల్డ్ కచేరీలు మానివేసినాడు. ఇక స్టూడియోలోనే వాయింపు. 1981 ఏప్రిల్, మే నెలలలో అదే 30వ వీధి స్టూడియోకు మరల వచ్చి గోల్డ్‌బెర్గ్ ముద్రించినాడు. ఈసారి 51 నిమిషాలు. ఆరియా మొదటి ముద్రణలో రెండు నిమిషాలలోపే. ఇందులో మూడు నిమిషాలు. కానన్లలోనూ మరికొన్నింటిలోనూ మొదటి సగాన్ని మరల వాయించినాడు. పాత ముద్రణలో ముప్పది వేరియేషన్లూ ముప్పది వేరువేరు రచనలవలె ఎటుపడితే అటు పరుగెత్తినవని ఆయనకు అసంతృప్తి కలిగినది. అందుచేత ఒకే నాడి పట్టుకొని, ఒకదాని వేగానికీ తరువాతిదాని వేగానికీ లెక్క కుదిర్చినాడు. మన లెక్కలో చెప్పాలంటే విళంబ మధ్య ద్రుత కాలాలు ఒకే తాళానికి కట్టుబడినట్లు. చెవి దానిని లెక్కగా గుర్తించదు. ఏదో విడదీయరాని బంధం ఉన్నదని మాత్రం తెలుస్తుంది.

ఈ ముద్రణ 1982 సెప్టెంబరులో విడుదలైనది. అదే నెల 25న ఆయనకు ఏబదేళ్ళు నిండినవి; 27న పక్షవాతం; అక్టోబరు 4న మరణం. టొరంటోలో ఆయన సమాధి రాతి మీద ఆరియా మొదటి స్వరాలు చెక్కి ఉన్నవి. మేనల్లుడు ఫోటో పంపినాడు. ఇరవైల ప్రారంభంలో పరుగు, ఏబదిలో నిదానం, ఆ వెంటనే చావు. ఇంత తీరుగా కుదిరిన కథ కావడం వల్లనే జనం ఈ రెండింటినే పోల్చుతూ ఉంటారని నా అనుమానం. నేను కూడా మొదట అందులోనే పడినాను. 'యౌవనం అజ్ఞానం, వార్ధక్యం జ్ఞానం' అన్న సూత్రం ముందుగా నా మనస్సులో ఉన్నది. దానికి తగినట్లు చెవి విన్నది.

ఆ సూత్రాన్ని విరిచినది 25వ వేరియేషన్. రచనలో విషాదస్వరం పలికే మూడింటిలో చివరిది, అన్నిటిలోకీ లోతైనది. ఆర్గన్ మాస్టారితో కూర్చొని గడియారం పెట్టి చూచినాను. 1955లో, అంతటా పరుగెత్తిన ఆ కుర్రవాడు, దీనికి ఆరు నిమిషాల 28 సెకన్లు తీసుకొన్నాడు. 1981లో, అంతటా నిదానించిన ఆ పెద్దవాడు దీనికి ఆరు నిమిషాల 3 సెకన్లే తీసుకొన్నాడు. చాలావరకు నెమ్మదించినచోట ఇది వేగం పుంజుకొన్నది. పాతదానిలో తాను దుఃఖాన్ని ఒలకబోసినాననీ, అది బాఖ్ కంటె షోపాన్ తీరుకు దగ్గరైనదనీ గూల్డ్ స్వయంగా ఆ మూడవ సీడీ సంభాషణలో వెక్కిరించుకొన్నాడు. నేను మాత్రం ఆయనతో ఏకీభవించను. ఆ ఇరవై రెండేళ్ళవాడి చేతిలో ఆ వేరియేషన్ ఇప్పటికీ నన్ను కదలనివ్వదు. రచయిత తన తొలి కావ్యాన్ని నిందించినంత మాత్రాన మనం దానిని అటకెక్కించనక్కరలేదు.

గూల్డ్ పియానో మీద ఇట్లు చేస్తుండగా, హాలెండ్ దేశంలో గుస్టావ్ లెయోన్‌హార్ట్ వేరే దారి పట్టినాడు. ఆయన హార్ప్సికార్డ్ విద్వాంసుడు. 1953, 1965, 1978లలో మూడు పర్యాయాలు గోల్డ్‌బెర్గ్ ముద్రించినాడు. ఆయన తరంవారు లాండోవ్‌స్కా ఇనుపచట్రాన్ని త్రోసిపుచ్చి, బాఖ్ నాటి వాద్యాలను కొలతలు తీసి అట్లే చేయించుకొన్నారు. చెక్కవాద్యం, పలుచని, స్ఫుటమైన నాదం. ధ్వని హెచ్చుతగ్గులకు అవకాశం లేదు కనుక ఆయన కాలంతోనే మాట్లాడతాడు. ముఖ్యమైన స్వరానికి ముందు వెంట్రుకవాసి ఆగడం, అంతే. పద్యం చదివేటప్పుడు యతిస్థానానికి ముందు మంచి పాఠకుడు ఆగీఆగనట్లు ఆగుతాడే, అది. మొదట నాకు ఇది పొడిగా తోచినది. విద్యుత్తు లేని ఒక రాత్రి బ్యాటరీ యంత్రంలో విన్నప్పుడు ఆ పలుచదనమే బాఖ్ గదికి దగ్గరేమో అనిపించినది.

మూలానికి ఎవరు దగ్గర అన్న ఈ వివాదంలోకి 1974లో మూలకర్తే వచ్చినాడు. ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బూర్గ్ నగరంలో బాఖ్ స్వంత అచ్చుప్రతి దొరికినది. అందులో ఆయన స్వహస్తంతో దిద్దుబాట్లు ఉన్నవి. చివరి అట్ట లోపలివైపు ఆరియా మంద్రస్వరాల మీద అల్లిన 14 చిన్న కానన్లు ఉన్నవి. తాళపత్రాల కోసం ఊరూరు తిరిగినవారికి ఇటువంటి వార్త వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 25వ వేరియేషన్ వద్ద 'అదాజియో', అనగా విళంబంగా, అని వ్రాసి ఉన్నది. దానిని జోరుగా వాయించినవారెవ్వరూ లేరు కనుక ఇబ్బంది లేదు. కాని 7వ వేరియేషన్ వద్ద 'జిగా వేగంతో' అని ఉన్నది. జిగా గంతులు వేసే నృత్యం. అంతవరకు దానిని ఊయలవంటి సిసిలియానా నృత్యమని తలచి మెల్లగా, లాలిపాటవలె వాయించినవారు అనేకులు. వారందరూ ఒక్కరోజులో పొరబడినవారైనారు.

నేను ఆ సంగతి చదివిన రోజు నాకు సంతోషం కలుగవలసినది. మూలం గెలిచినది కదా. మేము చదువుకొన్న కళాశాలలో మల్లినాథసూరి పేరు చెప్పి పెంచినారు. మెదకు సీమ కొలిచాలలో పుట్టి, మూలంలో లేనిదేదీ వ్రాయనని ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్య వ్రాసినవాడు. ఆ ప్రతిజ్ఞ నాకు వృత్తిధర్మం. ఆ ధర్మంతోనే, 1990ల చివర ఒక సంవత్సరం, పోతన పద్యం అప్పగించమంటే ఒక కుర్రవాడు నేను చెప్పినచోట ఆగక, మరొకచోట ఆగి, మెల్లగా తనలో తాను చెప్పుకొంటున్నట్లు చదివినాడు. అర్థం చెడలేదు, యతి చెడలేదు. నేను చదివిన తీరు కాదు, అంతే. "సరియైనది కాదు, కూర్చో" అన్నాను. మళ్ళీ వాడు ఆ యేడు తరగతిలో గొంతెత్తి పద్యం చదవలేదు. నేను వాడికి చెప్పినది మల్లినాథుని ప్రతిజ్ఞ కాదు. నా ఆగుడు మూలంలో లేదు. అది మా గురువుగారిది. ఆయన ఆగుడును నేను పోతనదని పొరబడినాను. లాలిపాటగా వినిపించిన ఆ 7వ వేరియేషన్ మీద నాకు కోపం రాకపోగా, పాత టూరెక్ ముద్రణ తీసి మరల విన్నాను. బాఖ్ చెప్పనిది ఆమె వాయించినది, నిజమే. అది చెరిగిపోలేదు. అయితే ఇప్పుడు దానిని బాఖ్ ఖాతాలో వేయలేము; ఆమె ఖాతాలోనే వ్రాయాలి. ఈ లెక్క తెలియడానికి నాకు పదవీవిరమణ వయస్సు రావలసి వచ్చినది.

డబ్బు పెట్టి సీడీలు తెప్పించుకోలేని వారికి ఒక మాట. కిమికో ఇషిజాకా అనే విద్వాంసురాలు 2012లో మొత్తం గోల్డ్‌బెర్గ్ వాయించి, ఏ హక్కులూ నిలుపుకొనకుండా లోకానికి ఇచ్చివేసినారు. ఎవరైనా దింపుకోవచ్చు, పంచుకోవచ్చు. నిండైన, నిష్కపటమైన వాయింపు. మొదటిసారి వినేవారు అక్కడ మొదలుపెట్టి, తరువాత లాండోవ్‌స్కా చిటపటల మధ్యకు వెళ్ళడం మంచిదని నా సలహా. గూల్డ్‌తో మొదలుపెట్టినవాడికి ఆయన నుండి బయటపడడానికి నాకు పట్టినన్ని ఏండ్లు పట్టవచ్చును.

మొన్న మేనల్లుడు ఫోనులో మరల అదే అడిగినాడు. "ఇంతకీ ఏది సరియైనది, మామయ్యా?" ఆర్గన్ మాస్టారు పక్కనే ఉన్నారు. నేను జవాబు చెప్పకుండా 7వ వేరియేషన్ సంగతి ఎత్తి, అదొక్కటైనా తేలిపోయినది కదా అన్నాను. మాస్టారు కళ్ళజోడు తుడుచుకొంటూ, "తేలలేదు పంతులుగారూ. జిగా అన్నాడే గాని, ఫ్రెంచివారి నడకా, ఇటలీవారి పరుగా చెప్పలేదు. ఆ రెండింటికీ చాలా తేడా" అన్నారు. ఫోను అవతల మేనల్లుడు నవ్వడం వినబడినది. మాస్టారు లేచి పుస్తకం తెరచి, బల్ల మీద వేళ్ళతో మొదట ఒక తీరున, తరువాత మరొక తీరున తాళం వేసి చూపించినారు.